కెటిల్ బొమ్మ కింద మూడో వరస

లాండ్రీ వెనక సందు, పై గది
సోమవారం

తమ్ముడికి, అక్క చెప్తుంటే మనవరాలు పిచ్చుక రాస్తున్నది.

తుంటి ఎముక అతుక్కుంది. కోపం మాత్రం తగ్గలేదు. ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు.

రెండేళ్ళ కిందట ఆసుపత్రి లాండ్రీలో తడి గచ్చు మీద జారిపడ్డానని నీకు తెలుసు. మంచాన పడితే నా చోటు ఇంకొకరికి పోతుందని, పిచ్చుక బడి మానేసి నా బదులు దుప్పట్లు పిండడానికి వెళ్ళింది. అప్పటికి దానికి పదహారేళ్ళు. వద్దే అన్నాను. వింటేనా! ఇప్పుడు నేను కర్ర పట్టుకుని నడుస్తున్నాను, కూర్చుని మడతలు పెట్టే పని ఇచ్చారు. కనుక పిల్ల మళ్ళీ బడికి పోవాలి, సైన్సు చదవాలి. అది దాని పట్టు. నాది అంతకంటే పెద్ద పట్టు.

మొన్న శనివారం దాన్ని తీసుకుని బడికి వెళ్ళాను. హెడ్మాస్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "రెండేళ్ళు బట్టలుతికిన పిల్ల సైన్సేం చదువుతుందమ్మా? కుట్టుపని క్లాసులో వేయండి, చేతికి పనొస్తుంది" అంది. "చేతికి పని ఎప్పుడో వచ్చిందండీ, ఇప్పుడు తలకి కావాలి" అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. నా మొహం ముందే ఎర్రగా ఉంది.

చివరికి ఒక మెలిక పెట్టింది. బడి తెరిచిన వారంలో ఫిజిక్సు పరీక్ష. యాభైకి ఇరవై అయిదొస్తే సైన్సు, లేకపోతే కుట్టుపని. ఒక్కసారే. ఇంకా నాలుగు నెలలున్నాయి. పాఠం చెప్పేవాళ్ళు లేరు. పగలు పని చేసుకుంటూ తనంతట తానే చదువుకోవాలి.

మన ఇంట్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాడివి నువ్వొక్కడివే. ఏ పుస్తకం పట్టుకోవాలో చెప్పు. నాకు అక్షరం రాదు గనక ఏది పంపినా సరిపోతుందనుకోకు.

అక్క

(తాతయ్యా, మొహం ఎర్రబడిన సంగతి రాయొద్దన్నాను. రాయకపోతే ఊరుకోనంది. పిచ్చుక)


స్టేషన్ ఎదురు వీధి
శుక్రవారం

అక్కకి నమస్కారం.

ఉత్తరం అందింది. పార్సెల్లో ఒక గైడు పంపుతున్నాను. అందులో నూట ఇరవై ప్రశ్నలు, నూట ఇరవై జవాబులు. రోజుకొకటి కంఠతా పడితే సరిగ్గా పరీక్ష నాటికి పూర్తవుతుంది. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

లావుపాటి పాఠ్యపుస్తకాల జోలికి పోనివ్వకు. చెప్పేవాళ్ళు లేకుండా అవి కొరుకుడు పడవు, పిల్ల బెదిరిపోతుంది. రెండేళ్ళు చదువుకు దూరమైన మనిషికి ఏది చాలో నాకు తెలుసు. ఈ గైడు అనుభవజ్ఞులైన అధ్యాపకులు రాసింది. నా మాట నమ్ము.

ఒక రాతపనిలో మునిగి ఉన్నాను. పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకు.

తమ్ముడు


లాండ్రీ వెనక సందు, పై గది
ఆదివారం

తమ్ముడికి.

అనుకున్నాను. అనుకోకుండా ఎలా ఉంటాను?

నీ గైడు వచ్చి నెల దాటింది. అట్ట తళతళలాడుతోంది, సంతోషం. మా పద్ధతి ఇదీ: సాయంత్రం పని నుంచి రాగానే పిచ్చుక పైకి చదువుతుంది, తర్వాత పుస్తకం మూసేసి నాకు అర్థమయ్యేలా చెప్తుంది. నాకు బోధపడలేదంటే దానికీ పడలేదన్నమాట. నలభై జవాబులు చదివింది. ప్రతిదానికీ "ఎందుకని?" అన్నాను. "అది ఇందులో లేదు నానమ్మా" అంది. నలభైసార్లు లేదంది! ఎందుకో చెప్పడం చేతకానివాడు కలం ఎందుకు పట్టుకున్నాడురా? గోడకి సున్నం వేసుకోవచ్చుగా?

ఇక లాభం లేదని, కర్ర పట్టుకుని పాత పుస్తకాల కొట్టుకి నేనే బయల్దేరాను. "అవ్వా, చదవడానికా ఉతకడానికా?" అన్నాడు కొట్టువాడు. "ముందు నీ నోరు ఉతుకుతాను, ఆ ఫిజిక్సు పుస్తకాలు కిందికి దింపు" అన్నాను.

నాకు చదవడం రాదు. మరకలు వచ్చు. నలభై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికినదాన్ని, మరక చూస్తే మనిషి మంచం మీద ఎలా పొర్లాడో చెప్తాను. పుస్తకానికీ అంచుంటుంది, వేళ్ళు తగిలినంత మేర మాసిపోతుంది. అన్నీ వరసగా పేర్పించి అంచులు చూశాను. లావు పుస్తకాలు మొదటి వేలెడు మందం నల్లగా ఉన్నాయి, తర్వాతంతా కొత్త దుప్పటిలా తెల్లగా ఉంది. అంటే కొన్నవాళ్ళందరూ అక్కడే చతికిలబడ్డారు. నీ గైడువి ఏడు పాత కాపీలున్నాయి. ఏడింటికీ నడుమ ఒకే ఒక చార, పరీక్ష ముందు రోజు చెమట చేతులతో తిరగేసిన చార. మిగతా పేజీలు ఎవడూ ముట్టుకోలేదు.

ఒకటి మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకటే నలుపు. ఇదే మన పుస్తకమని గుండెలకి హత్తుకుని తెచ్చాను. పిచ్చుక తెరిచి చూసి నవ్వి నవ్వి మంచం మీద పడింది. అది టెలిఫోను నంబర్ల పుస్తకం! క్షవరం కొట్టులో పిల్లలు కుర్చీకి అందకపోతే కిందేసి కూర్చోబెట్టేవాళ్ళట. ఆ నలుపు తలనూనె. వాసన చూడకుండా తెచ్చాను, నా తప్పే. దాన్ని ఫిజిక్సు దొంతరలో పెట్టినవాడిది ఇంకా పెద్ద తప్పు. వెళ్ళి వాడికి ఆ మాట చెప్పే వచ్చాను.

రెండోసారి పిచ్చుకని తీసుకుని వెళ్ళాను. అప్పుడు దొరికింది అసలుది. అట్ట లేదు, ముందు పది పేజీలు లేవు, రాసినవాడి పేరు లేదు. కానీ అంచంతా బొటనవేలి మురికి, మొదటి నుంచి చివరిదాకా. లోపల ఒకచోట టీ మరక, ఒకచోట ఇంజను నూనె, ఆఖరి పాఠంలో కొవ్వొత్తి మైనం చుక్క. కనీసం ముగ్గురు చదివారు, ముగ్గురూ చివరిదాకా చేరారు. వాళ్ళు చేరినచోటికి నా మనవరాలు చేరలేదా?

ఈ పుస్తకం ఎందుకో చెప్తుంది. తడి బట్ట గాలికి తొందరగా ఎందుకు ఆరుతుందో మొన్న పిచ్చుక చదివి చెప్పింది. నలభై ఏళ్ళు ఆరేశాను, ఎందుకో ఇప్పుడు తెలిసింది. మళ్ళీ చెప్పమన్నాను. మూడుసార్లు చెప్పించుకున్నాను.

అక్క


స్టేషన్ ఎదురు వీధి
బుధవారం

అక్కకి.

మురికిని బట్టి చదువుని ఎంచడం ఎక్కడా వినలేదు. అట్ట లేని పుస్తకం ఏ కాలం నాటిదో ఎవరికి తెలుసు? సిలబస్ నాలుగుసార్లు మారింది. ఆ ముగ్గురూ చివరిదాకా చదివి పరీక్ష తప్పి ఉండొచ్చు, మరక ఆ సంగతి చెప్పదు.

నువ్వు సున్నం వెయ్యమన్న మనిషి పుస్తకం పదకొండు ఊళ్ళ బళ్ళలో నడుస్తోంది. ఎందుకో చెప్పడం చేతకాక కాదు, ఎందుకు అని పరీక్షలో అడగరు గనక చెప్పలేదు. మీ బడి ఫిజిక్సు మాస్టారు కూడా పేపరు దాన్నుంచే తీస్తాడు, రాసిపెట్టుకో. త్వరలో కొత్త ముద్రణ కూడా వస్తోంది, ఇంకా మంచి కాగితం మీద.

పిల్ల భవిష్యత్తుతో పంతాలాడకు. ఉన్నవి పది వారాలు.

తమ్ముడు


లాండ్రీ వెనక సందు, పై గది
గురువారం

తమ్ముడికి.

ఆ పుస్తకాన్ని ఒక మాట అంటే నీకెందుకురా అంత పొడుచుకొస్తోంది? నీ ఉత్తరం చదవడానికి పిచ్చుక భయపడింది. నేను భయపడలేదు.

పేపరు గైడు నుంచే తీస్తారన్నావు గనక, ముందు అట్టలేనిది చదివి, తర్వాత గైడు కూడా చూడమన్నాను. నీ మాట తీసెయ్యలేదు. అలా చూస్తుంటేనే దొరికింది.

గైడులో ఒక కెటిల్ బొమ్మ ఉంది. ముక్కులోంచి ఆవిరి వస్తున్నట్టు గీశారు. దాని కింద ప్రశ్న: మరిగే నీళ్ళు ఎక్కువ కాలుస్తాయా, ఆవిరి ఎక్కువ కాలుస్తుందా? బొమ్మ కింద మూడో వరసలో జవాబు: రెండిటి ఉష్ణోగ్రతా ఒకటే కనుక సమానంగా కాలుస్తాయి.

సమానంగానా! పిచ్చుకని మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ సమానమే అంది. వేలు పెట్టి చూపించమన్నాను. చూపించింది. ఆ వరస మీద ఉమ్మెయ్యాలన్నంత కోపమొచ్చింది. అట్టలేనిదాంట్లో ఏముందో చూడమన్నాను. ఆవిరి ఒంటికి తగిలి నీళ్ళుగా మారేటప్పుడు, లోపల దాచుకున్న వేడంతా కక్కేస్తుందట. దానికి గుప్తోష్ణం అని పేరట. పేరు నాకిప్పుడు తెలిసింది. సంగతి ఎప్పుడో తెలుసు.

నీకు ఒక మాట చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. నా ఎడమ చేతి మీద ఒకసారి మరిగే నీళ్ళ బకెట్ ఒలికింది. బొబ్బలు లేచాయి, నెల తిరక్కుండా తగ్గిపోయాయి. ఇవాళ వెతికినా గుర్తు కనపడదు. కుడి చెయ్యి నీకు తెలుసు, మణికట్టు నుంచి మోచేతి దాకా ముడతపడ్డ మచ్చ. అది కూడా వేడినీళ్ళే అని నీకు చెప్పాను. అబద్ధం. బాయిలర్ గొట్టం కీలు ఊడి ఆవిరి కొట్టింది. మూడు నెలలు పచ్చిపుండు. అది నీ ఆఖరి పరీక్షల వారం. ఆవిరి అని తెలిస్తే పరీక్షలు వదిలేసి పరిగెత్తుకొస్తావని వేడినీళ్ళని రాయించాను.

రెండు చేతులూ నావే, బాయిలరూ ఒకటే. సమానమంటాడా? ఆ రాసినవాడెవడో కనుక్కో. నాకు వాడి పేరు వద్దు, వాడి చెయ్యి కావాలి. ఒక్క నిమిషం మా బాయిలర్ ముందు పెట్టిస్తాను.

అక్క


స్టేషన్ ఎదురు వీధి
మంగళవారం

అక్కకి.

చెయ్యి సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు ఎందుకు దాచావు? ఆ మాట చదివాక రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను.

గైడు సంగతి వదిలెయ్. అచ్చులో ఎక్కడో దొర్లి ఉంటుంది. నలుగురైదుగురు కలిసి రాసే పుస్తకాలు, ఏ వరస ఎవరిదో ఎవరు చెప్పగలరు?

పిచ్చుకకి ఒక్కటి చెప్పు. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే గైడులో ఉన్నట్టే రాయమను. నిజం తర్వాత చదువుకోవచ్చు, సీటు తర్వాత రాదు.

తమ్ముడు


లాండ్రీ వెనక సందు, పై గది
శనివారం

తమ్ముడికి.

పరీక్ష అయింది. యాభైకి ఇరవై మూడు.

నువ్వు చెప్పినట్టే పేపరంతా గైడు నుంచే ఎత్తాడు. కెటిల్ ప్రశ్న వచ్చింది, మూడు మార్కులు. నీ సలహా దానికి వినిపించాను, దాచలేదు. అయినా అది ఆవిరే ఎక్కువ అని రాసింది, గుప్తోష్ణంతో సహా, బొమ్మ కూడా గీసింది. మాస్టారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి "సమానం" అని రాశాడు. "గైడు జవాబు తెలుసుగా, ఎందుకలా రాశావే?" అన్నాను. "రోజూ ఆ చేత్తోనే నాకు జడ వేస్తావు, సమానం అని ఎలా రాయమంటావు?" అంది. 

బడికి వెళ్ళాను. మాస్టారు నా ముందు గైడు తెరిచి కెటిల్ బొమ్మ చూపించాడు. నేను అట్టలేని పుస్తకం తెరిపించాను. "ఇది ఎవరు రాశారు? ఎప్పటిది? మొదటి పేజీలు ఎలకలు తిన్నాయా?" అని నవ్వాడు. నేను చేతి మీంచి కొంగు తప్పించి మచ్చ చూపించాను. ఏమన్నాడో తెలుసా? "అమ్మా, చెయ్యి చూపిస్తే మార్కులు రావు" అన్నాడు.

కర్ర నేలకేసి కొట్టాను. హెడ్మాస్టరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. నేను ఆవిడకి కూడా చెయ్యి చూపించాను. ఆవిడ మచ్చ వంక కాసేపు చూసి తల తిప్పుకుంది. "పుస్తకం తప్పని ఆ పుస్తకం రాసినవాళ్ళే రాసిస్తే మార్కులు కలుపుతాను. వచ్చే శుక్రవారం దాకా చూస్తాను, తర్వాత జాబితా పెట్టేస్తాను" అంది. గైడు అట్ట మీద పేరు లేదని, ఎవరూ దొరకరని ఆవిడకి తెలుసు. తెలిసే అంది.

లాండ్రీలో పిల్ల ఇవాళ దుప్పట్లు ఎంత గట్టిగా పిండిందంటే రెండు చిరిగాయి.

ఒరేయ్, నువ్వు ఇన్నేళ్ళు ఆ లోకంలో ఉన్నవాడివి. ఆ గైడు ఎవరు రాశారో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వాడి కాళ్ళు పట్టుకుంటావో మెడ పట్టుకుంటావో నాకనవసరం. శుక్రవారం లోపల కాగితం రావాలి.

అక్క


స్టేషన్ ఎదురు వీధి
సోమవారం

అక్కకి.

ఎవరి మెడా పట్టుకోనక్కర్లేదు. ఆ గైడు రాసింది నేనే.

నలుగురైదుగురు లేరు, ఒక్కణ్ణే. పబ్లిషరు మూడు వారాల్లో కావాలన్నాడు. ఎందుకో రాయడం మొదలుపెడితే మూడు వారాలు చాలవు, అందుకని జవాబులే రాశాను. కెటిల్ ప్రశ్న దగ్గర ఉష్ణోగ్రత ఒకటే కదా అని కలం ముందుకి పోయింది. అచ్చయిన ఏడాదికి ఒక విద్యార్థి కార్డు రాశాడు, తప్పు చెప్తూ. అంటే తొమ్మిదేళ్ళుగా నాకు తెలుసు. పబ్లిషరుకి చెప్తే, ఒక్క వరస కోసం మళ్ళీ అచ్చు కూర్చలేనన్నాడు. నేను రెట్టించలేదు. ఈసారి కొత్త ముద్రణలో అట్ట మీద నా పేరు, ఫోటో వేస్తామన్నారు. నేను మునిగి ఉన్న రాతపని అదే. ఈ సమయంలో తప్పు ఎత్తిచూపితే పేరు తీసేస్తారని నోరు మూసుకున్నాను. పైగా పిల్లని కూడా తప్పు రాయమన్నాను. ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో ఏ పిల్లకీ అలాంటి మాట చెప్పలేదు, మన పిల్లకి చెప్పాను.

ఇంకొకటి. ఆ సెలవుల్లో ఇంటికొచ్చి నీ చేతికి కట్టు చూశాను, మూడు నెలలు మానకపోవడం చూశాను. నువ్వు వేడినీళ్ళన్నావు. వేడినీళ్ళు ఇంత లోతుగా కాలుస్తాయా అని ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడే ఫిజిక్సులో ఫస్టు వచ్చిన వాణ్ణి.

హెడ్మాస్టరమ్మకి కాగితం ఇందులోనే పెట్టాను, కవరు అంటించలేదు. పిచ్చుక చేత చదివించుకో. పబ్లిషరు నాతో రాయించుకున్న ఒప్పందం నకలు కూడా ఉంది, నేనే రాశానని నమ్మకపోతే చూపించు. పబ్లిషరుకి వేరే ఉత్తరం రాశాను: ఆ వరస మార్చకుండా కొత్త ముద్రణ వస్తే, అది తప్పని ప్రతి బడికీ కార్డు రాస్తానని. పేరు తీసేస్తే తీసేయనీ.

బాయిలర్ దగ్గరికి ఎప్పుడు రమ్మంటావు?

తమ్ముడు


లాండ్రీ వెనక సందు, పై గది
ఆదివారం

తమ్ముడికి.

రావద్దు. నీ చెయ్యి నాకక్కర్లేదు, దానికి వేరే పనుంది. చివర్లో చెప్తాను.

నీ ఉత్తరం మొదటి మాట చదివి పిచ్చుక ఆగిపోయింది. "నానమ్మా, ఇది వద్దులే" అంది. "చదవవే" అన్నాను. మొత్తం చదివింది. మళ్ళీ చదవమనలేదు. ఆ రోజు మడతలు పెట్టిన దుప్పట్లన్నీ వంకరగా వచ్చాయి, సూపర్వైజరు విప్పించి మళ్ళీ పెట్టించింది.

తొమ్మిదేళ్ళురా! ఎంతమంది పిల్లలు సమానమని రాసి మార్కులు తెచ్చుకున్నారో! వాళ్ళలో ఎంతమంది మా లాండ్రీలాంటి చోట పనికి చేరి, నీళ్ళే కదా అన్నట్టు ఆవిరి ముందు చెయ్యి పెట్టారో! నీకు నిద్రెలా పట్టింది? నువ్వు ఒప్పుకున్నావని నా కోపం తగ్గుతుందనుకోకు. నా కోపం ఎవరి మీద తిరుగుతోందో తెలియని రోజులే నయం, తిట్టడం సుళువుగా ఉండేది.

కాగితం గురువారమే ఇచ్చాను. హెడ్మాస్టరమ్మ రెండుసార్లు చదువుకుని మాస్టారుని పిలిచి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒప్పందం కూడా చదివాడు. "ఇప్పుడు చెయ్యి చూపించమంటారా?" అన్నాను. ఆయన పెన్ను తీసి, ఎర్రసిరా గీత పక్కన మూడు వేసి ఇరవై మూడుని ఇరవై ఆరు చేశాడు. పిచ్చుక పేరు సైన్సు జాబితాలో ఆఖరిది. ఆఖరిదైనా అది జాబితాయే. మాస్టారు పోతూ పోతూ అట్టలేని పుస్తకం రెండు రోజులు చూసిస్తానని అడిగాడు. "చేతులు కడుక్కుని ముట్టుకోండి, మరకలు కలిసిపోతే నాకు తెలుస్తుంది" అని ఇచ్చాను.

తర్వాత పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళాను, ఒక్కదాన్నే. నీ గైడు ఏడు కాపీలూ దింపమన్నాను. కొట్టువాడు ఈసారి స్టూలు కూడా వేశాడు. నాకు చదవడం రాదు, కానీ కెటిల్ బొమ్మ తెలుసు, దాని కింద మూడో వరస తెలుసు. ఒక్కొక్కటీ తెరిచి, కొట్టువాడి పెన్ను తీసుకుని, ఆ వరస మీద గీత గీశాను. పుస్తకం మీద కలం పెట్టడం నాకు అదే మొదటిసారి. మొదటి గీత వంకర పోయింది, పై వరసకి కూడా తగిలింది. ఏడోది తిన్నగా వచ్చింది. దాన్ని అడిగి ఇంటికి తెచ్చి చూపిస్తే, నానమ్మా స్కేలు పెట్టి గీశావా అంది పిచ్చుక.

మా ఊళ్ళోవి అయిపోయాయి. పుస్తకం పదకొండు ఊళ్ళలో నడుస్తోందన్నావు. మిగతా పది నీవి. ఆ చేత్తోనే రాశావు, ఆ చేత్తోనే కొట్టెయ్యి. ప్రతి కొట్టుకీ నువ్వే వెళ్ళు, ఎవరినీ పంపకు. గీత కింద ఎందుకో కూడా రాయి, చోటు చాలకపోతే కెటిల్ బొమ్మ మీద రాయి.

అక్క

(తాతయ్యా, పై అంతా నానమ్మ చెప్పింది. ఇది నేను రాస్తున్నాను, ఆవిడ కింద ఎవరితోనో గొడవపడుతోంది. గైడులో యాభై ఎనిమిదో జవాబు కూడా నాకు అనుమానంగా ఉంది. ఇంకా ఆవిడకి చదివి వినిపించలేదు. తొందరగా చూసి రాయండి. పిచ్చుక)